ముందు తుడువు

మూంటాలో ఆగస్టు నెల.
షెడ్డు రేకుల మీద సముద్రపు గాలి ఉప్పు చల్లిపోతోంది.
యాభై అయిదు మోడల్ హోల్డెన్ నోరు తెరుచుకుని ఉంది,
దాని ఇంజను గొలుసుకు వేలాడుతోంది.

"మా మెర్వ్ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదమ్మా దీని మీద"
అని తాళాలిచ్చి వెళ్లింది డోరీన్ ట్రెవాస్కిస్.
ఆమెకు ఎనభై రెండు.
మెర్వ్ పోయి మూడు చలికాలాలు.

మొదటి పాపం నీళ్ల పంపు దగ్గర బయటపడింది.
అంగుళాల రంధ్రంలో మిల్లీమీటర్ల బోల్టు!
రెండింటికీ వెంట్రుకవాసి తేడా.
పట్టనంటే ఎవరో బలవంతాన తిప్పారు,
పాత మరలు కొరికి, కొత్త మరలు కోసుకుని
అక్కడే కాపురం పెట్టేసింది.

పక్క మూత కింద గాస్కెట్టు లేదు.
పెళ్లి కేకు మీద క్రీములా నీలం సీలెంటు.
లోపలికి తెగిపడిన ముక్కలు
ఆయిలు జాలీలో చేపపిల్లల్లా చిక్కుకున్నాయి.

"ముందు తుడువు, తర్వాత తిట్టు" అనేవాడు మస్తాన్ మేస్త్రి,
బందరులో నాకు స్పానరు పట్టడం నేర్పినవాడు.
కిరసనాయిల్లో గుడ్డ ముంచి తుడిచాను.
తుడిచాక తిట్టాను కూడా.

మూడో పిస్టన్.
ఇది పైకి ఉండాలి అని గుర్తు కొట్టి ఉన్న రింగు
ఆ గుర్తును కిందికి పెట్టుకుని కూర్చుంది.
కిందికి గీకాల్సిన ఆయిల్ని
ఇన్నేళ్లూ పైకి తోడిపోసింది.
అదన్నమాట, ప్రతి ఆదివారం చర్చి మలుపులో
ఊరంతా చూసే ఆ నీలిపొగ.

అయిదో కడ్డీ విప్పితే
బేరింగు వెనక సన్నటి రేకు.
కత్తెరతో కోసిన వంకర అంచు, ఎరుపు రంగు,
సగం తెగిన అక్షరాలు.
బీరు డబ్బా.

ఏమని చెప్పను?
పోయినవాడి పనితనానికి
బిల్లు ఏ గడిలో రాయను?

మధ్యాహ్నం ఆమే వచ్చింది,
కజ్జికాయలా మడిచిన వేడి పేస్టీ పళ్లెంలో పెట్టుకుని.
బల్ల మీద రేకు చూసింది.
కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ చూసింది.

"డెబ్బై ఒకటి. పోర్ట్ అగస్టా దాటాక.
మెర్వ్‌కి నడుం పట్టేసింది.
రోడ్డు పక్కన దుప్పటి మీద పడుకుని
పుస్తకం చదివేవాడు, బండి కింద నేను.
ఆ బీరు తాగింది కూడా నేనే."

రింగు?
"అదీ నేనే. వాడు చదివిన పేజీలో బొమ్మ తలకిందులుగా ఉంది."
బోల్టు?
"డాట్సన్‌ది. వృథాగా పోతుందని."
సీలెంటు?
ముఖం చిట్లించింది. "అది మాత్రం మా అల్లుడు."

మరి మెర్వ్ చెయ్యి తప్ప అన్నారే?

"ఆడది కట్టిన ఇంజనంటే ఎవడూ కొనడనేవాడు."
కాసేపాగి అంది,
"కొంటామని వస్తే మాత్రం అమ్మేవాళ్లమా?"

మేస్త్రీ,
నువ్వు చెప్పనిది ఒకటుంది:
తుడిచాక తిట్టడానికి
మనిషి ఎదురుగా నిలబడి పేస్టీ ఇస్తే ఏం చెయ్యాలి?

రింగులు మార్చాను. బేరింగులు మార్చాను.
పంపు బోల్టు జోలికి పోలేదు,
లాగితే గోడే ఊడొస్తుంది.
బిల్లు చివర రాశాను:
బోల్టు ఒకటి, తప్పుది, ఉండనిచ్చాను.
కింద నా సంతకం.
తిలాపాపం తలా పిడికెడు.

శుక్రవారం తాళం తిప్పింది.
ఇంజను ఒక్క పిలుపుకే పలికింది.
డోరీన్ తల పక్కకు వంచి వింది, వింది.
"ఆ టకటక ఏదీ?"
తీసేశానన్నాను.

ఊఁ అంది.
కడిగిన రేకుముక్క కళ్లజోడు పెట్టెలో వేసుకుని
గేరు మార్చి వెళ్లింది.

వీధి చివర దాకా చూశాను.
పొగ లేదు.
చర్చి వైపు మళ్లిందో, సముద్రం వైపు మళ్లిందో
తెలియలేదు.